కొన్ని వందల ఓట్లతో ఓడితే రీకౌంటింగ్ అడగొచ్చా? కోర్టుకు వెళ్తే ఏమవుతుంది?

ప్రశ్న: మాది రాజాం దగ్గర ఊరు. మా మావయ్య ఒక అసెంబ్లీ ఎన్నికలో కౌంటింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. వాళ్ల అభ్యర్థి కొన్ని వందల ఓట్లతో ఓడిపోయాడు. "మళ్లీ లెక్కపెడితే గెలిచేవాళ్లం, మా మాట ఎవరూ వినలేదు" అని ఇప్పటికీ అంటాడు. వచ్చే ఎన్నికకు నన్ను కూర్చోమంటున్నారు. అంత తక్కువ తేడా వస్తే నిజంగా ఏం చేయొచ్చు? కోర్టుకు వెళ్తే లాభం ఉంటుందా?

సమాధానం:

మీ మావయ్య గారి బాధ నాకు కొత్త కాదు. రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పేపర్ బ్యాలెట్ల రోజుల నుంచి లెక్కింపు డ్యూటీలు చేశాను. ఇనప జాలీకి అటువైపు నుంచి "సార్, రీకౌంటింగ్!" అన్న కేక ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అదే మాట కాగితం మీద రాసి, కారణం చూపించి, సంతకం పెట్టి ఇచ్చినవాళ్లను మాత్రం చేతివేళ్ల మీద చెప్పగలను. మీ మావయ్య గారిది ఏ ఎన్నికో మీరు రాయలేదు, నేనూ అడగను.

ముందు తేడా అంటే ఏమిటో చూద్దాం. మీ రాజాం సంగతే తీసుకోండి. 2014లో అక్కడ కంబాల జోగులు గారు గెలిచింది 512 ఓట్లతో. ఓడింది ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీకి స్పీకర్‌గా చేసిన కావలి ప్రతిభా భారతి గారు. (అప్పట్లో రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది.) ఒక నియోజకవర్గంలో సుమారు 250 పోలింగ్ కేంద్రాలు ఉంటాయనుకుందాం. 512 అంటే కేంద్రానికి రెండు ఓట్లు. ఇటు వేయాల్సిన మనిషి అటు వేస్తే మనకు ఒకటి తగ్గి వాళ్లకు ఒకటి పెరుగుతుంది కాబట్టి, నిజానికి కేంద్రానికి ఒక్క మనిషి. హైదరాబాదులోనో చెన్నైలోనో పనికి పోయి, బస్సు టికెట్ దొరకలేదని పోలింగుకు రాని కుటుంబాలు మన వైపు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. తక్కువ తేడా ఎన్నికలు ముప్పాతిక వంతు ఆ బస్టాండుల్లోనే తేలిపోతాయని నా నమ్మకం. లెక్కింపు హాలుకు వచ్చేసరికి చేయగలిగింది చాలా కొంచెం మిగులుతుంది.

రాజాం ఒక్కటే కాదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటును కొణతాల రామకృష్ణ గారు 9 ఓట్లతో గెలిచారు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి కొన్నేళ్లే. ఆ వార్త విని ఆఫీసులో ఎవరం నమ్మలేదు, ఒకటో రెండో సున్నాలు ఎగిరిపోయి ఉంటాయనుకున్నాం. 2014లో మంగళగిరిలో ఆళ్ల రామకృష్ణారెడ్డి గారికి 12 ఓట్ల మెజారిటీ వచ్చింది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు గారికి 25. 2024లో కూటమికి అంత గాలి వీచినా మడకశిరలో ఎం.ఎస్. రాజు గారు గెలిచింది 351 ఓట్లతోనే. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 2008లో సి.పి. జోషి గారు ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు.

ఇక హాల్లోకి వద్దాం.

"రీకౌంటింగ్" అనగానే జనం మనసులో ఉండేది పాత కాలపు బొమ్మ. కట్టలు విప్పి, కాగితాలు మళ్లీ లెక్కపెట్టడం. ఈవీఎం వచ్చాక ఆ బొమ్మ మారిపోయింది. కంట్రోల్ యూనిట్ మీద రిజల్ట్ బటన్ పదిసార్లు నొక్కినా అదే అంకె వస్తుంది. కాబట్టి "అన్ని మిషన్లూ మళ్లీ లెక్కించండి" అని అడిగితే వచ్చే ఫలితం ఏమీ ఉండదు. అంకె మారే అవకాశం ఉన్న చోట్లు నాలుగే: పోస్టల్ బ్యాలెట్లు, పక్కన పెట్టిన మిషన్లు, వీవీప్యాట్ స్లిప్పులు (ఎవరికి ఓటు పడిందో అచ్చయి పెట్టెలో పడే కాగితం ముక్కలు), మనుషులు చేత్తో రాసే రౌండు షీట్లు. ఏజెంటు కన్ను వీటి మీద ఉండాలి.

చివరిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలుగా ఒక హాల్లో 14 టేబుళ్లు, ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసరు) గారిది ఇంకొకటి. రౌండుకు 14 మిషన్లు. 250 కేంద్రాలుంటే 18 రౌండ్లు. ప్రతి టేబుల్ దగ్గర సూపర్‌వైజరు మిషన్‌లో కనిపించిన అంకెలు ఫారం 17-సి రెండో భాగంలో రాస్తాడు. ఆ కాగితం ఆర్వో టేబుల్‌కు వెళ్తుంది, అక్కడ ఇంకొకరు కంప్యూటర్లో ఎక్కిస్తారు. పొద్దున్న నాలుగింటికి లేచి వచ్చిన మనుషులు వాళ్లు. ఒకసారి పదకొండో రౌండులో ఒక టేబుల్ అంకె 312 బదులు 132 అని ఎక్కింది. రౌండు ఫలితం చదువుతుంటే జాలీ అవతల నుంచి ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో స్కూలు పిల్లల రూళ్ల నోటుబుక్కు. అరవలేదు. "బాబూ, తొమ్మిదో టేబులు ఓపాలి సూడండి" అన్నాడంతే. చూశాం. 180 ఓట్ల తేడా. మొహం మాడిపోయింది మాకు. ఆర్వో గారు దిద్దించి, మళ్లీ సంతకం చేసి, కొత్తగా చదివారు. ఆయన పక్కనే ఇరవై మంది కుర్రాళ్లు తెల్ల చొక్కాలేసుకుని కూర్చున్నారు, ఒక్కడి దగ్గరా పెన్ను లేదు.

హాల్లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. పెన్ను, తెల్ల కాగితం, పోలింగ్ రోజున మీ ఏజెంటుకు ఇచ్చిన 17-సి కాపీ తీసుకెళ్లనిస్తారు. నన్నడిగితే ఆ 17-సి కాపీయే అసలు ఆయుధం. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ ఆఫీసరు మిషన్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, ప్రతి పోలింగ్ ఏజెంటుకూ నకలు ఇవ్వాలి. దాని మీద కంట్రోల్ యూనిట్ నంబరు ఉంటుంది, సీళ్ల నంబర్లు ఉంటాయి. లెక్కింపు రోజున మిషన్ మీ ముందుకు రాగానే చూడాల్సింది మూడు: నంబరు అదేనా, సీలు చెక్కుచెదరకుండా ఉందా, మొత్తం ఓట్లు 17-సి తో సరిపోయాయా. మన వైపు పార్టీల వాళ్లు ఈ కాపీలు తీసుకుంటారు, సాయంత్రానికి ఎవడి జేబులోనో నలిగిపోతాయి, మర్నాడు లుంగీతో పాటు ఉతుక్కి పోతాయి. 250 కాపీలు ఒక్క చోటికి చేర్చి, టేబుళ్లవారీగా సర్దుకుని వచ్చిన పార్టీని నా సర్వీసులో రెండుసార్లే చూశాను.

పక్కన పెట్టిన మిషన్ల సంగతి. పోలింగ్ ఉదయం మాక్ పోల్ చేస్తారు కదా, కనీసం 50 ఓట్లు వేసి చూపించాలి. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ నొక్కి అవి తుడిచేయాలి. హడావిడిలో క్లియర్ నొక్కడం మరిచిపోయిన ప్రిసైడింగ్ ఆఫీసర్లు ఉంటారు. అలాంటి మిషన్ లెక్కింపులో బయటపడితే, డిస్‌ప్లే రాని మిషన్‌తో పాటు దాన్ని పక్కన పెడతారు. చివర్లో మెజారిటీ ఆ మిషన్లలో ఉన్న మొత్తం ఓట్ల కంటే ఎక్కువైతే వాటి జోలికి వెళ్లరు. తక్కువైతే వాటి వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెట్టాలి. కాబట్టి ఎన్ని పక్కన పెట్టారో, అవి ఏ కేంద్రాలవో మీ పుస్తకంలో ఉండాలి. అవి మీకు బలమున్న ఊళ్లవైతే ఫలితం అక్కడే తిరగబడొచ్చు.

పోస్టల్ బ్యాలెట్ల దగ్గరే నిజమైన టెన్షన్. ఉదయం 8 గంటలకు మొదలయ్యేది అవే. ఉద్యోగుల ఓట్లు, మన జిల్లాల్లో టీచర్లవే బోలెడు. చదువుకున్నవాళ్ల ఓట్లే ఎక్కువ చెల్లకుండా పోతాయి, ఇదో వింత. డిక్లరేషన్ మీద సంతకం మరిచిపోతారు, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉండదు, బ్యాలెట్ నంబరు తప్పు రాస్తారు. 2024లో ధ్రువీకరించిన అధికారి సీలు లేకపోయినా ఆయన సంతకం ఉంటే చాలని ఎన్నికల సంఘం చెప్పడం మీద పెద్ద గొడవే అయింది. హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ వెళ్లినా లెక్కింపుకు ముందు కోర్టులు జోక్యం చేసుకోలేదు. 2019లో గుంటూరు లోక్‌సభ సీటులో మెజారిటీ 4,205 అయితే, చెల్లవని పక్కన పడేసిన పోస్టల్ ఓట్లు అంతకంటే ఎక్కువ. ఆ గొడవ చాలా కాలం నడిచింది. ఇప్పుడు నియమం స్పష్టంగా ఉంది: మెజారిటీ కంటే తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు ఎక్కువైతే, ఎవరూ అడగకపోయినా ఆర్వో వాటన్నిటినీ మళ్లీ పరిశీలించి తీరాలి. 2025 సెప్టెంబర్‌లో ఇంకో మార్పు వచ్చింది. పోస్టల్ లెక్కింపు పూర్తయ్యాకే ఈవీఎంల చివరి రౌండుకు ముందు రౌండు మొదలుపెట్టాలి. మంచి పని చేశారు. ఎవరికి ఎంత లీడో తెలిసిపోయాక పోస్టల్ కవర్లు తెరుస్తుంటే ప్రతి కవరు దగ్గరా ఒక యుద్ధమే జరిగేది. మీ పార్టీలో కాస్త చదవడం వచ్చిన, ఓపికున్న మనిషిని ఆ టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. మామూలుగా గొంతు పెద్దగా ఉన్నవాణ్ని పంపుతారు. వాడి వల్ల కాదు.

వీవీప్యాట్‌కు వస్తే, 2019 నుంచి నియోజకవర్గానికి ఐదు కేంద్రాలను చీటీలు తీసి ఎంచి, వాటి స్లిప్పులు లెక్కపెడుతున్నారు. మిషన్‌కూ స్లిప్పులకూ తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుంది. ఆ ఐదు కాకుండా, ఫలానా కేంద్రం స్లిప్పులు లెక్కించమని అభ్యర్థి గానీ ఏజెంటు గానీ కారణం చూపిస్తూ రాతపూర్వకంగా అడగొచ్చు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆర్వో చేతిలో ఉంటుంది. ఏ నిర్ణయమైనా కారణం రాసి చెప్పాలి.

మీ మావయ్య గారి బండి ఆగిపోయింది ఎక్కడో నేను ఊహించగలను. అన్ని రౌండ్లూ అయ్యాక ఆర్వో గారు మొత్తం ఓట్లు చదివి, ఒకటి రెండు నిమిషాలు ఆగుతారు. ఆ ఆగడం మర్యాద కోసం కాదు. రీకౌంటింగ్ అడిగేవాళ్లు అడగాల్సింది అప్పుడే. "దరఖాస్తు రాసుకోవాలి, టైమివ్వండి" అంటే సరిపోయినంత టైమివ్వాలి. దరఖాస్తులో ఏ టేబుల్, ఏ రౌండు, ఏ కేంద్రం, ఎంత తేడా అన్నది ఉండాలి. ఉత్తినే "మాకు అనుమానం ఉంది" అంటే కొట్టేస్తారు. అది తప్పు కూడా కాదు, నేనైనా కొట్టేస్తాను. ఆర్వో ఒప్పుకుంటే మొత్తంగా గానీ కొంత భాగం గానీ మళ్లీ లెక్కిస్తారు. ఒక్కసారి ఫారం 21-సి మీద సంతకం పడి ఫలితం ప్రకటించాక, ఆర్వో గారు కూడా ఏమీ చేయలేరు. కలెక్టరు చేయలేరు, ఎన్నికల సంఘం కూడా చేయలేదు. ఇక హైకోర్టే.

ఆ రెండు నిమిషాల్లో హాల్లో ఎలా ఉంటుందో తెలుసా? బయట బాణాసంచా మొదలైపోతుంది. గెలిచినవాళ్లు గేటు దగ్గర పూలదండలతో తోసుకుంటారు. ఓడినవాళ్ల ఏజెంట్లలో సగం మంది పదో రౌండుకే తలకాయ వేలాడేసి ఇంటికి పోయి ఉంటారు. మిగిలినవాళ్లు పోలీసులతో గొడవలో ఉంటారు. అభ్యర్థి ఎక్కడో కారులో ఫోనులో మాట్లాడుతుంటాడు. కాగితం రాసేవాడెవడు? నేను చూసిన ఒక సీటులో తేడా వెయ్యి లోపే. ఓడినవాళ్లు అరగంట సేపు నినాదాలు చేశారు. ఒకాయన కుర్చీ విరగ్గొట్టాడు. దరఖాస్తు మాత్రం రాలేదు. తర్వాత ఏళ్ల తరబడి "అధికారులు అమ్ముడుపోయారు" అని ఊరంతా చెప్పుకున్నారు. ఆ అధికారుల్లో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఓట్లు సరిసమానం వస్తే? చీటీ. పంచాయతీల్లో మీరు చూసే ఉంటారు. అసెంబ్లీకీ చట్టం అదే చెబుతుంది. చీటీలో పేరు వచ్చినవాడికి ఒక ఓటు అదనంగా కలిపి గెలిచినట్టు ప్రకటిస్తారు.

కోర్టు గురించి అడిగారు. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. 46వ రోజున కన్నీళ్లు పెట్టుకున్నా తీసుకోరు, ఆలస్యాన్ని మన్నించే వీలు ఈ చట్టంలో లేదు. అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గంలో ఏ ఓటరైనా వేయొచ్చు. డిపాజిట్ 2,000 రూపాయలే. అసలు ఖర్చు లాయర్లది, అమరావతికి తిరిగే రైళ్లది. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది. ఆ "ప్రయత్నం" ఎలా ఉంటుందంటే, 2014లో మడకశిరలో గెలిచిన ఈరన్న గారి ఎన్నికను హైకోర్టు కొట్టేసింది 2018 నవంబర్‌లో. ఆయన బదులు గెలిచినట్టు కోర్టు ప్రకటించిన తిప్పేస్వామి గారు 2019 జనవరిలో ఎమ్మెల్యేగా ప్రమాణం చేశారు. ఇంకో మూడు నెలల్లో మళ్లీ పోలింగ్! అది కూడా ఓట్ల లెక్క మీద వచ్చిన తీర్పు కాదు, అఫిడవిట్‌లో దాచిన వివరాల మీద వచ్చింది.

ఓట్లు మళ్లీ లెక్కించమని కోర్టును ఒప్పించడం ఇంకా కష్టం. ఓటు రహస్యం కాబట్టి, ఏదో దొరుకుతుందేమో చూద్దామని పెట్టెలు తెరవరు. ఫలానా చోట ఇన్ని ఓట్లు తప్పు పడ్డాయి, ఆ తేడా ఫలితాన్ని మారుస్తుంది అని కాగితాలతో చూపించాలి. ఆ కాగితాలు ఏవి? మళ్లీ అదే 17-సి, అదే నోటుబుక్కు, హాల్లో ఇచ్చిన దరఖాస్తు, దాని మీద ఆర్వో రాసిన జవాబు. ఇవి లేకుండా లాయరు దగ్గరికి వెళ్తే ఆయన ఫీజు తీసుకుంటాడు, అంతకంటే ఏమీ జరగదు.

2024 తర్వాత మిషన్లే పరీక్షించమని అడిగే దారి ఇంకొకటి వచ్చింది. సుప్రీంకోర్టు ఆ ఏడాది ఏప్రిల్ 26న ఇచ్చిన తీర్పు ప్రకారం రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు వారం లోపు అడిగితే ఐదు శాతం ఈవీఎంల మైక్రోకంట్రోలర్లను (లోపలి చిప్పులను) తనిఖీ చేయాలి. ఖర్చు అడిగినవాళ్లదే, తప్పు తేలితే వెనక్కిస్తారు. మన జిల్లా నుంచి విజయనగరం లోక్‌సభ, గజపతినగరం అసెంబ్లీ ఓడిన అభ్యర్థులు ఇలా అడిగారు. అవి రెండూ కొద్ది ఓట్ల తేడా సీట్లు కావు. కాబట్టి దీన్ని రీకౌంటింగ్ అనుకోకండి, మిషన్ మీద అనుమానం తీర్చుకునే పద్ధతి మాత్రమే.

ఇంతవరకూ మీరు అడిగింది. అడగనిది ఒకటుంది, అది ఊరి సంగతి. పెద్ద మెజారిటీతో ఓడితే ఊరు తొందరగా మర్చిపోతుంది. గాలి అటు ఉంది, ఏం చేస్తాం అనుకుంటారు. కొద్ది ఓట్లతో ఓడితే మాత్రం దోషి కోసం వెతుకుతారు. ఈవీఎంల వల్ల ఏ కేంద్రంలో ఎవరికి ఎన్ని పడ్డాయో అందరికీ తెలిసిపోతుంది. "మీ బూత్‌లో మనకు మైనస్ నలభై, ఎవరేశారో మాకు తెలీదనుకున్నారా" అని వీధి పేర్లతో సహా మొదలవుతుంది. పేపర్ బ్యాలెట్లకైతే చాలా కేంద్రాల ఓట్లు కలిపి లెక్కించే వీలు నిబంధనల్లో ఉండేది. ఈవీఎంలకూ అలా కలిపి లెక్కించే టోటలైజర్ అనే యంత్రం పెడదామని ఎన్నికల సంఘం అడిగింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. రాజకీయ పార్టీలకు బూత్ లెక్కలు కావాలి మరి.

ఒక ఊళ్లో చూశాను. ఫలితం వచ్చిన ఏడాదే అమ్మవారి పండగ. ఎన్నో ఏళ్లకు ఒకసారి చేసుకునే పండగ. ఒక వర్గం చందా రెండో వర్గం తీసుకోనంది. చివరికి గుడి ముందు రెండు పందిళ్లు, రెండు డప్పుల మేళాలు, అమ్మవారికి రెండు సార్లు పసుపు కుంకుమలు. అన్నదమ్ముల పిల్లలు ఒకరి పందిట్లో ఒకరు భోజనం చేయలేదు. బందోబస్తుకు నన్ను పంపారు. ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చి "మా అమ్మోరు ఏ పందిట్లో కూకోవాల బాబూ?" అంది. నాకు జవాబు తోచలేదు. ఆ ఊరి కేంద్రంలో రెండు పార్టీలకూ తేడా పదకొండు ఓట్లు.

అందుకే ఏజెంటుగా కూర్చుంటే నా సలహా రెండు వైపులా. మీ నియామకపు ఫారం 18 లెక్కింపుకు మూడు రోజుల ముందు సాయంత్రం 5 లోపు ఇవ్వాలి, అది మరిచిపోకండి. పోలింగ్ రాత్రే 17-సి కాపీలన్నీ ఒక చోటికి చేర్చే మనిషిని పెట్టండి. రీకౌంటింగ్ దరఖాస్తు నమూనా ముందే రాసుకుని, అంకెల దగ్గర ఖాళీలు వదిలి, జేబులో పెట్టుకోండి. పొద్దున్నే కడుపునిండా తిని వెళ్లండి, చివరి రౌండు దాకా కదలకండి. బయటికొచ్చాక మీ దగ్గరున్న బూత్ లెక్కలు ఊళ్లో ఎవరికీ చదివి వినిపించకండి. ఎవరైనా పందెం కాసి ఓడి, మీ మీద పడితే అసలు మాట్లాడకండి.

ఇంకో చిన్న పని. మీ మావయ్య గారి ఇంట్లో అటక మీద ఆనాటి 17-సి కాపీలు ఏమైనా మిగిలి ఉన్నాయేమో అడగండి. పాత ఎన్నికల ఫారం 20, అంటే కేంద్రాలవారీ తుది ఫలితాల పట్టిక, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని, కేంద్రాలవారీగా మొత్తం ఓట్లు పక్కపక్కన పెట్టి సరిచూడండి. గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఫలితం మారదు. కానీ ఆయన ఇన్నేళ్లుగా చెబుతున్నది నిజమో కాదో ఆ సాయంత్రానికి ఆయనకే తెలుస్తుంది. తేడా కనిపిస్తే ఏ కేంద్రంలో, ఎంత అన్నది ఇక్కడ రాయండి, నేను చూస్తాను.